పండ్ల డాక్టరు, నా బొటనవేలు

కడప నుంచి కార్డు వచ్చింది. మా పండ్ల డాక్టరు పోయారట. మధ్యాహ్నం భోంచేసి పడుకున్న మనిషి సాయంత్రం కాఫీకి లేవలేదని ఆయన కోడలు నాలుగు ముక్కలు రాసింది. కార్డు నా చేతికి వచ్చేసరికే కర్మలన్నీ అయిపోయాయి. చావు కబురు మోసుకొచ్చిన కార్డు ఇంట్లో ఉంచుకోరని, చదివి చించెయ్యమని పక్కింటామె చెప్పింది. చించడానికి చెయ్యి రాలేదు. ఉంచుకోవడానికి భయం వేసింది. బియ్యం డబ్బా కింద పెట్టాను. తిండిగింజల దగ్గర అటువంటిది పెట్టవచ్చునో లేదోనని మళ్ళీ తీశాను. చివరికి బైబిలులో పెట్టి, దేవుడే చూసుకుంటాడులే అనుకున్నాను. అనుకున్నానే గాని, రోజుకు రెండుసార్లు తెరిచి చూస్తూనే ఉన్నాను.

ఆయన నాకంటే పన్నెండేళ్ళు చిన్న. నా తర్వాత పోవలసిన మనిషి. కడపకు పోయి ఆ ఇంటివాళ్ళను పలకరించి వద్దామంటే మోకాళ్ళు బస్సు ఎక్కనివ్వవు. ఎక్కినా దారిలో నాకేమైనా అయితే ఎవరికి కబురు పెట్టాలో బస్సువాళ్ళకు తెలియదు. ఏడవడానికి కూడా ఓపిక ఉండాలి. అది అయిపోయినట్టుంది. అందుకని కూర్చుని ఇది రాస్తున్నాను. మిషను బడిలో మూడో తరగతి దాకా చదివినదాన్ని. తప్పులుంటే దిద్దుకొని చదవండి.

ఇది చదివేవాళ్ళలో ఆయన దగ్గర పన్ను పీకించుకున్నవాళ్ళు కొందరైనా ఉంటారు. కర్నూలులో హంద్రి ఏటి వైపు సందులో రెండు గదులు, ముందు గదిలో బల్ల, వెనక గదిలో నల్ల కుర్చీ. ఆ కుర్చీ పక్కన మీ చెయ్యి పట్టుకొని నిలబడిన ముసలిది జ్ఞాపకముందా? అది నేనే.

రాజధాని కర్నూలుకు వచ్చిన కొత్త రోజులవి. ఊరినిండా గుడారాలు, ఎక్కడెక్కడినుంచో వచ్చిన గుమాస్తాలు, ఎక్కడ చూసినా సున్నం, ఇసుక, రాళ్ళు. ఆ సందడిలోనే ఆయన కడప నుంచి వచ్చి బోర్డు కట్టారు. నేను గదులు ఊడ్చి, సూదులు ఉడకబెట్టే పనికి కుదిరాను. నెల తిరక్కముందే ఒకరోజు పటకారు నోట్లో ఉండగా ఒక రోగి డాక్టరు చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాడు. పన్ను సగంలో విరిగింది. "పెద్దమ్మా, చీపురు పడేసి ఈ చెయ్యి పట్టుకో" అన్నారు ఆయన. అప్పటినుంచి రోగుల చెయ్యి పట్టుకోవడం నా పని అయింది. కింద నాలుగు వేళ్ళు, మీద బొటనవేలు, జాతరలో పిల్లల్ని తప్పిపోకుండా పట్టుకున్నట్టు పట్టుకునేదాన్ని.

"పంటిని నేను చూసుకుంటా, మనిషిని నువ్వు చూసుకో" అనేవారు.

పల్లెల నుంచి వచ్చేవాళ్ళకు సూది అంటే ఆపరేషను, ఆపరేషను అంటే పస్తు. ముందురోజునుంచి ఏమీ తినకుండా వచ్చేవాళ్ళు. కుర్చీ ఎక్కి సూది చూడగానే కొందరికి మొహం తెల్లబడి, ఒళ్ళు చల్లబడి, తల వాలిపోయేది. కోడుమూరు రైతు ఒకాయన అట్లాగే పడిపోతే నీళ్ళు చల్లి లేపాము.

"ఏమప్పా, పొద్దున ఏం తింటివి?" అని అడిగారు డాక్టరు.

"ఏం తిన్లే సార్. ఆపరేషన్ కదా, కడుపు ఖాళీగా పెట్టుకోని వచ్చినా."

"నేను కోసేది కడుపు కాదు కదప్పా. పంటికి పస్తేంది?"

"నేనొక్కన్నే కాదు సార్. నాకు తోడుగా మా ఇంట్లోది కూడా పస్తే ఉండాది. బయట కూచోనుండాది."

"బాగుంది సంసారం. ఇద్దరూ పోయి రొట్టె తిని రాపోండి. పన్ను యాడికీ పోదు."

ఆ తర్వాత బోర్డు కింద ఇంకో పలక వేలాడదీశారు, అన్నం తిని రావలెను అని. చదవడం రానివాళ్ళకు నేను గుమ్మంలోనే అడిగేదాన్ని.

ఆయన దవడలో ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. కుడివైపు పన్ను పుచ్చి ఏళ్ళయింది. అన్నం ఎడమ పక్కనే నమిలేవారు. మదరాసు పోయి పీకించుకోండి సార్ అని నేను పోరుపెడితే, "నువ్వు ఈడ ఉంటే ఆడ నా చెయ్యి ఎవరు పట్టుకుంటారు పెద్దమ్మా" అని నవ్వి తప్పించుకునేవారు. నేను దాన్ని వేళాకోళమే అనుకున్నాను.

రెండో ఏడు మదరాసు నుంచి కొత్త తిమ్మిరి మందు వచ్చింది. పాతదానికంటే తొందరగా మొద్దుబారుస్తుంది, ఎక్కువసేపు నిలుస్తుంది. నెత్తురు ఎక్కువ కారకుండా అందులో ఇంకో మందు కలిపి ఉంటుందట. అది గుండెను కాస్త తొందరపెడుతుందట. ఎంత తొందరపెడుతుందో చూసి రాయమని ఆయనకు చదువు చెప్పిన మదరాసు పెద్దాయన ఉత్తరం రాశారు. ఈయన ఒక పుస్తకం కొని గీతలు గీశారు. సూదికి ముందు నాడి ఎంత, సూది తర్వాత ఎంత, కోసేటప్పుడు ఎంత, అంతా అయ్యాక ఎంత. సూదికి ముందు ఆయనే నాడి చూసి, పాదరసం పెట్టెతో రక్తపోటు కూడా చూసేవారు. సూది వేసిన తర్వాత ఆయన చేతులు రెండూ రోగి నోట్లో ఉంటాయి కదా. అందుకని ఆ మధ్యలో నాడి చూడడం నాకు అప్పగించారు.

మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి ఎట్లా చూడాలో నేర్పించారు. తన గడియారం విప్పి నా ముందు పెట్టారు. సన్నముల్లు ఒక చుట్టు తిరిగేలోపు ఎన్ని దెబ్బలో లెక్కపెట్టి చెప్పాలి. లెక్క నాకు వచ్చు. రానిది ఆ మూడు వేళ్ళే. ఆనిస్తే ఏమీ తగిలేది కాదు. తగలలేదని చెప్పడానికి భయం. రోగి కదిలితే చెయ్యి జారిపోయేది. ఒకసారి నా పాత అలవాటు ప్రకారం బొటనవేలు పెట్టి నొక్కాను. టకటకమని ఎంత బాగా తెలిసిందో. బాగా తెలిసేదే సరైనదనుకున్నాను. ఆ పూట నుంచి బొటనవేలితోనే చూశాను. ఆయన వంగి నోట్లోకి చూస్తుండేవారు గనుక నా వేలు ఆయన కంటబడలేదు.

నేను చెప్పినవన్నీ ఆయన రాసుకున్నారు. సూదికి ముందు డెబ్బై ఎనభై ఉన్నవాళ్ళు సూది పడగానే నూట పది, నూట ఇరవై. కోసేటప్పుడు ఇంకా ఎక్కువ. అంతా అయ్యి ఆయన చేతులు కడుక్కొని వచ్చి చూసేసరికి మళ్ళీ మామూలు. "చూసినావా పెద్దమ్మా, మందు ఎక్కి దిగిపోతాంది" అనేవారు. ముసలివాళ్ళని లేదు, పడుచువాళ్ళని లేదు, అందరికీ అదే వరస. ఈ మందు మన ఎండల మనుషులకు పడదేమోనని ఆయనకు దిగులు పట్టుకుంది. ఎవరి గుండె ఎక్కడ ఆగుతుందోనని మందు సగానికి తగ్గించారు. తగ్గిస్తే నొప్పి తెలిసేది. కుర్చీలో వాళ్ళు అరిచేవాళ్ళు. వాళ్ళు అరిస్తే నేను హడలిపోయేదాన్ని. నేను చెప్పే అంకె ఇంకా పైకి పోయేది. అది విని ఆయన మందు ఇంకా తగ్గించేవారు. నాలుగు నెలలు ఇట్లా జరిగింది. ఆ నాలుగు నెలల్లో ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, మీరు పడిన బాధకు కారణం ఆయన కాదు.

అప్పుడే కోసిగి మనిషి వచ్చాడు. కొత్త ఆఫీసు కట్టడానికి రాళ్ళు మోసే కూలి. ముప్పై ఏళ్ళుండవు. చివరి పన్ను లోపలే అడ్డం తిరిగి, చీము పట్టి, చెంప ఉబ్బిపోయింది. తోడుగా పెళ్ళాం ఉంది. ఆమె కూడా అక్కడే తట్టలు మోస్తుంది. నోరు సరిగా తెరుచుకోకపోయినా అతను ఊరుకునే రకం కాదు. కుర్చీ ఎక్కి, "ఇంత మెత్తని కుర్చీ ఏసినారంటే లోపల ఏందో తిరకాసు ఉండాది సామీ" అన్నాడు.

ఆయన నాడి చూశారు, రాశారు, సగం మందు సూది వేశారు. కాసేపు ఆగి కత్తి ఆనించగానే అతను ఎగిరిపడ్డాడు. అతని చెయ్యి నా చేతిలో నలిగిపోయింది. నేను లెక్కపెట్టాను. "నూట ముప్పై ఎనిమిది సార్." ఆయన నావైపు తిరిగారు. "మళ్ళీ చూడు." మళ్ళీ చూశాను. నూట నలభై. ఆయన కత్తి ట్రేలో పెట్టేశారు. అంతగా పాలిపోయిన ఆయన మొహం నేనెప్పుడూ చూడలేదు.

"నీ గుండెకు ఈ మందు పడటంలేదప్పా. ఇప్పుడు కొయ్యకూడదు. పెన్సిలిన్ సూది వేస్తా. రోజూ రావాల. వాపు తగ్గకపోతే మదరాసు ఆసుపత్రికి చీటీ రాసిస్తా" అన్నారు.

పెళ్ళాం గుమ్మంలోంచి లోపలికి వచ్చేసింది. "గుండెకేమైంది సామీ? నిన్నటిదాంకా మనిషి ఇద్దరు మోసే బండ ఎత్తుతాండె. పన్ను అని వస్తే గుండె అంటారేంది?"

అంతసేపు వేళాకోళం ఆడినవాడు చప్పుడు లేకుండా కుర్చీ దిగి, తలగుడ్డ చుట్టుకొని వెళ్ళిపోయాడు.

మర్నాడు సూదికి రాలేదు. డాక్టరు మేస్త్రీ దగ్గరికి మనిషిని పంపించారు. మొగుడూ పెళ్ళాం మూట కట్టుకొని కోసిగి పోయారని కబురు వచ్చింది. పోయేదేదో మన ఇంటి ముందర పోదామని అతను పెళ్ళాంతో అన్నాడట. "ఆ వాపు గొంతులోకి దిగిందంటే ఊపిరి ఆడదు పెద్దమ్మా" అన్నారు డాక్టరు.

ఆ మధ్యాహ్నం ఆయన భోజనానికి పోయాక నేను కుర్చీ తుడుస్తున్నాను. కాళ్ళు పీకుతుంటే కుర్చీ పక్కన పీట వేసుకొని, దాని కొయ్య చేతి మీద చెయ్యి ఆనించి కూర్చున్నాను. ఆ కోసిగి అమ్మాయి మొహమే కళ్ళ ముందు. బొటనవేలు ఊరికే కొయ్య మీద నొక్కుకుంది. టకటకటక. కొయ్య కొట్టుకుంటోంది.

మొదట దయ్యం అనుకున్నాను. లేచి గోడకు ఆనించాను. గోడ కొట్టుకుంటోంది. సూదులు ఉడికే గిన్నె చల్లారి ఉంటే దానికి ఆనించాను. అదీ కొట్టుకుంటోంది. మూడు వేళ్ళు ఆనిస్తే ఏదీ కొట్టుకోలేదు. అప్పుడు అర్థమైంది. బొటనవేలికి తగిలేది నా నాడే. ఈ నాలుగు నెలలూ నేను ఎవరి నాడీ చూడలేదు.

ఆ రోజు ఆయనతో చెప్పలేదు. ఈ ముక్క రాయడానికే ఇంతసేపు వెనకాడాను. పనిలోంచి తీసేస్తే ఎక్కడికి పోవాలి అనుకున్నాను. మొగుడు లేడు, పిల్లలు దక్కలేదు. అక్కడ ఒక మనిషికి గొంతు మూసుకుపోతుంటే ఇక్కడ నేను నా సంగతి ఆలోచించుకుంటూ ఒక రాత్రి గడిపాను. దేవుడు క్షమించాడో లేదో తెలియదు. అడగడానికి కూడా భయమే.

మర్నాడు మధ్యాహ్నం ఆయన భోజనం నుంచి రాగానే ఎదురుపోయాను.

"సార్, కుర్చీకి నాడి ఉండాది."

"ఏం పెద్దమ్మా, ఎండలో తిరిగొచ్చినావా?"

"బొటనవేలు పెడితే కుర్చీ కొట్టుకుంటాది సార్. గోడ కూడా. గిన్నె కూడా. నేను అందరికీ బొటనవేలే పెట్టినా."

ఆయన తన బొటనవేలు బల్ల మీద నొక్కి చూసుకున్నారు. కూర్చుని ఆ పుస్తకం మొదటి పుట నుంచి ఒక్కొక్క పుటే తిప్పారు. నేను నిలబడే ఉన్నాను.

"ఎప్పుడు తెలిసింది?"

"నిన్న మధ్యాన్నం."

"నిన్న చెప్పింటే నిన్ననే పోతాంటిమి కదా."

"పొమ్మంటారని చెప్పలే సార్. ఈ వయసులో యాడికి పోయేది."

ఆయన పుస్తకం మూశారు. తిట్టి ఉంటే బాగుండేది. "నాలుగు నెలలు" అన్నారు మెల్లగా. "నా పక్కన నిలబడి రోజూ నూట ఇరవై, నూట ముప్పై. ఇంత భయపడతా ఉంటివి, ఏందమ్మా నీ బాధ అని ఒక్క దినమన్నా నేను అడిగినానా?" పుస్తకం పక్కకు నెట్టి, "ముందు నా చెయ్యి, తర్వాత నీ చెయ్యి. రెండు చేతులు చూసినవి ఒకే వరసలో రాసుకోని మందుదే తప్పనుకుంటి. ఆ బుద్ధి నాకుండాల, నీకెట్ల ఉంటాది" అన్నారు.

అప్పటికప్పుడే మదరాసు పెద్దాయనకు ఉత్తరం రాసి, నాకు చదివి వినిపించారు. నాడి చూసే పద్ధతి తాను సరిగా పెట్టలేదని, పంపిన అంకెలు లెక్కలోకి తీసుకోవద్దని రాశారు. నా పేరు గాని, నా వేలి సంగతి గాని అందులో లేదు.

తెల్లవారి మొదటి బస్సుకు ఆదోనికి, అక్కడినుంచి రైలులో కోసిగికి పోయాము. ఆయన సంచిలో సూదులు, పటకార్లు, స్టవ్వు. దారి పొడుగునా నేను అడిగిందే అడిగాను. బతికుంటాడా సార్, బతికుంటాడా అని. "పోయి చూద్దాం" అన్నదే జవాబు.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. మట్టిమిద్దె గోడ నీడలో మంచం వేసి అతన్ని పడుకోబెట్టారు. వాపు చెంప దాటి మెడ మీదికి దిగింది. ఉమ్మి మింగలేక పక్కకు కారుస్తున్నాడు. ఊపిరి గురగురమంటోంది. ఉన్న రెండు గొర్రెలు తమ్మునికి ఇచ్చెయ్యమని పెళ్ళాంతో అప్పటికే చెప్పాడట. ఆమె మమ్మల్ని చూసి లేవలేదు.

"ఇంకేం మిగిలిందని వస్తిరి సామీ? గుండె బాగలేదంటిరి, పడుకున్నాడు. రెండు దినాలాయ, గంజి కూడా తాగలే. తాగినా గుండె ఆగిపోయేదే కదా అంటాడు."

డాక్టరు మంచం పక్కన నేలమీదే కూర్చున్నారు. "నీ గుండెకు ఏం కాలేదప్పా. తప్పు చూసినాము. ఆ పొద్దు కొట్టుకునింది నీ గుండె కాదు."

"ఇంకెవురిది?" అన్నాడతను పళ్ళ సందులోంచి.

నేనే చెప్పాను. "నాది నాయనా. నీ చెయ్యి పట్టుకోని నా నాడి లెక్కపెట్టినా."

పెళ్ళాం లేచి నిలబడింది. "ఏమ్మా, నీ గుండె దడకు మా ఇంటాయన మంచం పట్టల్నా? దడ నీదైతే నువ్వు పడుకోవాల్సింది కదా, ఆయప్పను పడుకోబెడితివి?"

మంచం మీదినుంచి ఒక చప్పుడు వచ్చింది. ఊపిరి ఆగుతోందేమోనని నేను బెదిరిపోయాను. అతను నవ్వడానికి చూస్తున్నాడు.

"అట్లయితే సూది" అన్నాడు ఆగి ఆగి, "ముందు ఆ ముసలమ్మకు ఎయ్యండి సామీ."

ఎండలోకి మంచం లాగించారు, నోట్లోకి వెలుతురు పడేటట్టు. స్టవ్వు మీద సూదులు ఉడికాయి. తమ్ముడు తల పట్టుకున్నాడు. నేను దూరంగా నిలబడ్డాను. డాక్టరు పిలిచారు. "పెద్దమ్మా, రా. ఈసారి మొదటినుంచి చివరిదాంకా ఒకటే చెయ్యి. నీ చెయ్యే."

"నాకొద్దు సార్. మీరే చూడండి."

"నా చేతులు ఖాళీగా ఉండవు. మూడు వేళ్ళు. తగలకపోతే తగల్లేదని చెప్పు. చెప్పేదానికి భయపడొద్దు."

మూడు వేళ్ళు ఆనించాను. తగలలేదు. "తగల్లేదు సార్" అన్నాను. "కొంచెం లోపలికి జరుపు" అన్నారు. జరిపాను. తగిలింది. నా గుండె చెవుల్లో మోగుతోంది. వేళ్ళ కింద అతనిది వేరేగా ఉంది. నాది ముందు పరుగెత్తుతోంది, అతనిది తన దారిన తాను నడుస్తోంది. రెండింటినీ విడివిడిగా వినడం ఆ మంచం దగ్గరే నేర్చుకున్నాను.

"తొంభై ఆరు."

"జ్వరం ఉండాది కదా. మంచిదే." పూర్తి మందు ఎక్కించారు. ఆగారు. "ఏమప్పా, దిమ్ము ఎక్కిందా?"

"పెదం యాడ పోయిందో తెలీటంలే సామీ."

"పెద్దమ్మా?"

"నూట నాలుగు."

పళ్ళ మధ్య చెక్కముక్క పెట్టి, కత్తి ఆనించారు. అతను కదలలేదు. చీము ఎంత వచ్చిందో రాయను. "నూట రెండు" అన్నాను. ఆయన నావైపు తిరిగి చూడలేదు. మళ్ళీ చూడమనలేదు. పటకారు పెట్టి పన్ను తీశారు. "తొంభై ఎనిమిది." పెళ్ళాం నా భుజం మీదినుంచి తొంగి చూస్తోంది. అంకె చెప్పినప్పుడల్లా, "అంటే బాగుండాదా? అంటే బాగుండాదా?" అని చెవిలో అడుగుతూనే ఉంది.

సాయంత్రానికి గురగుర తగ్గింది. గోరువెచ్చటి గంజి రెండు గుక్కలు మింగాడు. ఆ ఊరి కాంపౌండరుకు పెన్సిలిన్ అప్పగించి, ఎన్నాళ్ళు వెయ్యాలో చెప్పి బయలుదేరాము. గడప దగ్గర ఆ అమ్మాయి నా కొంగులో వేయించిన వేరుశనక్కాయలు పోసింది. "ఇంకొకరి చెయ్యి పట్టుకునేటప్పుడు చూసి పట్టుకోమ్మా" అంది. తిట్టిందో, దీవించిందో నాకు తెలియలేదు. నెల తిరగకముందే వాళ్ళిద్దరూ మళ్ళీ కర్నూలులో రాళ్ళు, తట్టలు మోస్తూ కనబడ్డారు. మా సందులోంచి పోయేటప్పుడల్లా అతను కిటికీలోంచి మణికట్టు చూపించి, "ముసలమ్మా, నీ గుండె ఎట్లుండాది?" అని అరిచి పోయేవాడు.

ఆ తర్వాత రాజధాని హైదరాబాదుకు పోయేదాకా, ఆయన గదులు ఖాళీ చేసి కడపకు వెళ్ళేదాకా నేను అందరి నాడీ చూశాను. ముందూ నేనే, తర్వాతా నేనే. కొత్త పుస్తకం కొన్నారు. మందుకు నాడి ఎక్కే మాట నిజమే, కాని కొంచెమే, ఎక్కినది కాసేపటికే దిగుతుంది. సూది కంటబడగానే, ఇంకా మందు లోపలికి పోకముందే ఎక్కేది మాత్రం ఎక్కువ. పస్తున్నవాళ్ళకు నాడి ఉన్నట్టుండి పడిపోతుంది. "మందు చేసేది కొంత, మనిషి తనకు తాను చేసుకునేది కొంత. రెండూ కలిపి రాయగూడదు" అనేవారు. పెద్ద మాటలు ఆయన ఎప్పుడూ చెప్పలేదు. నేను గుమ్మంలోకి రాగానే, "ఏం పెద్దమ్మా, ఈపొద్దు దేనికి దిగులు?" అని అడిగేవారు, గొడుగు మూలన పెట్టమన్నంత మామూలుగా. నేను చెప్పేదాన్ని. పొయ్యి ఆర్పానో లేదో, పక్కింటి గోడ ఎప్పుడు పడుతుందో, ఏదో ఒకటి. అంతా విని, "సరే, ఈడ పెట్టి లోపలికి రా" అనేవారు. నన్ను అట్లా అడిగినవాళ్ళు ఇంకెవరూ లేరు.

ఇంకొకటి మిగిలింది. ఎవరికీ చెప్పొద్దన్నారు. ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఇప్పుడు రాస్తే తప్పో, రాయకుండా నేనూ పోతే తప్పో, రెండు రోజులుగా ఇదే ఆలోచన. ఆయన చాలా ధైర్యం గలవారని కడపలో అందరూ అనుకుంటున్నారని కోడలు కార్డులో రాసింది. అది చదివాక రాయాలనే అనిపించింది.

కోసిగి స్టేషనులో ఆ సాయంత్రం రైలు కోసం రాతిబెంచీ మీద కూర్చున్నాము. పొద్దు వాలుతోంది. ప్లాట్‌ఫారం నిండా పనులకు పోయే కూలిజనం, మూటల మీద పిల్లలు. ఆయన చొక్కా చేతి గుండీ విప్పి, చెయ్యి నా ఒళ్ళో పెట్టారు.

"నాది కూడా చూడు పెద్దమ్మా."

"ఏమైంది సార్?"

"ఏం కాలే. ఊరికే చూడు."

మూడు వేళ్ళు ఆనించాను. ఈసారి వెతుక్కోవలసిన పని లేకపోయింది. గడియారం ముల్లు చుట్టు తిరిగేదాకా లెక్కపెట్టాను. నమ్మకం చాలక ఇంకో చుట్టు లెక్కపెట్టాను.

"నూట ఇరవై రెండు సార్."

"దిగింది. కోసేటప్పుడు చూసింటే ఇంకా ఎక్కువ ఉంటాండె."

"మీకా సార్? చెయ్యి వణకనే లేదు కదా."

"చేతికి తెలియనియ్యను. సూది పట్టుకున్న ప్రతిసారీ ఇంతే. ఇరవై ఏండ్లాయ. ఎవరికీ చెప్పొద్దు."

ధైర్యం చెబుదామంటే ఆ రోజు నా దగ్గర అది లేదు. వేళ్ళు మాత్రం తియ్యలేదు. ఆయన కూడా చెయ్యి వెనక్కి తీసుకోలేదు. రాయచూరు వైపు సిగ్నలు పడింది. జనమంతా మూటలు ఎత్తుకొని లేచారు. ఎవరో పిల్లను పిలుస్తున్నారు. నా వేళ్ళ కింద అది మెల్లమెల్లగా నిదానిస్తోంది. నూట పద్నాలుగు. నూట ఎనిమిది. మేమిద్దరం ఇంకా లేవలేదు.